ఏ డ్రైవును నమ్మవచ్చును?



గత మాసంలో నా పూర్వ విద్యార్థి ఒకడు ఫోనులో పలకరించి, "మాస్టారూ! మీ మిత్రులంతా కలిసి పాత పుస్తకాలు స్కాను చేస్తున్నారట గదా, నేనూ మా ఇంటి ఫొటోలూ వీడియోలూ అన్నీ ఒకచోట పెట్టుకోవాలనుకొంటున్నాను. ఏ కంపెనీ హార్డ్ డ్రైవు నమ్మకమైనదండీ?" అని అడిగాడు. ముప్ఫై రెండేళ్లు సంధులూ సమాసాలూ చెప్పుకొన్నవాణ్ణి. నన్ను ఇటువంటి ప్రశ్న అడిగే రోజు వస్తుందని ఏనాడూ అనుకోలేదు. "కంపెనీ సంగతి తరువాత, ఎన్ని కొనదలచావు?" అన్నాను. "ఒకటేనండీ, మంచిది" అన్నాడు. "ఒకటే అయితే ఏ కంపెనీదైనా ఒకటే" అన్నాను. వాడికి నా మాట రుచించినట్టు లేదు. పిల్లల చదువుల గురించి నాలుగు మాటలు చెప్పి ఫోను పెట్టేశాడు.

ఫోనులో చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ వ్రాస్తున్నాను. మనలో టెరాబైట్ల కొద్దీ పాత పుస్తకాలు, హరికథలు, నాటక పద్యాలు పోగుచేసుకొన్నవారు తక్కువేమీ కాదు. వారికైనా పనికివస్తుందేమో.

ముందు నా కథ చెప్పాలి. మా అమ్మ పాడిన పెళ్లిపాటలు, మంగళహారతులు, దంపుళ్లపాటలు పదకొండు క్యాసెట్లలో ఉండేవి. టేపులకు బూజు పట్టడం మొదలైందని 2009లో ఓపికగా కూర్చొని వాటన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించాను. ఎక్కించినవాటిని ఒక కొత్త ఎక్స్‌టర్నల్ డ్రైవులో భద్రపరిచాను. బూజు పట్టిన క్యాసెట్లు ఇంక దేనికని పారవేశాను. మరుసటి ఏడు అమ్మ పోయింది. డ్రైవు బీరువాలో పట్టుచీరల నడుమ ఉండేది. సంవత్సరీకాలకు ఆ పాటలు అందరికీ వినిపిద్దామని తీసి తగిలిస్తే లోపలినుంచి టిక్కు టిక్కుమని గోడ గడియారం చప్పుడు వచ్చింది. అంతే. దుకాణంవాళ్లు చేతులెత్తేశారు. నగరంలో ఒకచోట డేటా తీసియిస్తామని నా రెండు నెలల జీతం అడిగి, ఇచ్చిన తరువాత, పళ్లెం గీసుకుపోయింది, లాభం లేదన్నారు. అయితే గ్యారంటీ గడువు ఇంకా మిగిలేవున్నది కనుక కంపెనీ మాత్రం మాట నిలబెట్టుకొన్నది. కొత్త డ్రైవు పంపించింది. ఖాళీ డ్రైవు.

ఆ కంపెనీ పేరు చెప్పను. చెప్పితే మీరు దానిని మానివేసి ఇంకొక కంపెనీది కొంటారు. నేను చేసిన పొరపాటే మీరూ చేస్తారు. మూడు పాటలు మాత్రం మిగిలాయి. ఎప్పుడో మా మేనకోడలు అడిగితే ఈమెయిలులో పంపినవి అవి.

హార్డ్ డ్రైవు విషయంలో మనవాళ్లకు కులదైవాల వంటి పట్టింపులున్నాయి. ఒకరింట సీగేట్ తప్ప వేరొకటి గడప దాటి రాదు. మరొకరు వెస్టర్న్ డిజిటల్ మీద ఈగను వాలనివ్వరు. ఆ పట్టింపుకు కారణమడిగితే, ఎవరికో ఒకరికి ఒకసారి ఒక డ్రైవు చెడిపోయివుంటుంది. ఒక్క డ్రైవు అనుభవంతో కంపెనీ గుణగణాలు నిర్ణయించడం, ఒక్క పిల్లవాడి మార్కులు చూసి బడి నాణ్యత తేల్చడం వంటిది.

చరిత్ర కాస్త తిరగవేయండి. 2000లో ఐబీఎం సంస్థ డెస్క్‌స్టార్ 75జీఎక్స్‌పీ అనే డ్రైవులను విడుదల చేసింది. అవి ఎంతగా చెడిపోయాయంటే జనం డెస్క్‌స్టార్ పేరును డెత్‌స్టార్‌గా మార్చారు. వ్యవహారం కోర్టుకూ వెళ్లింది. 2003 నాటికి ఐబీఎం ఆ వ్యాపారాన్నే హిటాచీకి అప్పగించింది. చిత్రమేమిటంటే, ఆ వారసత్వంలోనే వచ్చిన హిటాచీ డ్రైవులు తరువాతి దశాబ్దంలో అందరికంటె తక్కువగా చెడిపోయే డ్రైవులని పేరు తెచ్చుకొన్నాయి. 2012లో ఆ హిటాచీ విభాగాన్ని వెస్టర్న్ డిజిటల్ కొన్నది. అంతకు ముందే 2006లో మాక్స్‌టర్‌నూ, 2011లో సామ్‌సంగ్ హార్డ్ డ్రైవుల విభాగాన్నీ సీగేట్ కలుపుకొన్నది. ఇప్పుడు లోకమంతటికీ హార్డ్ డ్రైవులు చేసేవారు ముగ్గురే: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. మనం పేరు చూసి నమ్ముతున్నది ఎవరి గోత్రమో మనకే తెలియదు!

పేర్లు కాక లెక్కలు కావాలనుకొనేవారికి ఒక ఆధారమున్నది. అమెరికాలో బ్యాక్‌బ్లేజ్ అనే డేటా నిల్వ సంస్థ తాను వాడే డ్రైవులలో ఏ నమూనావి ఎన్ని చెడిపోయినవో 2013 నుంచి వివరంగా ప్రకటిస్తున్నది. 2024 ఆఖరుకు ఆ సంస్థ చేతిలో 3 లక్షలకు పైగా డ్రైవులున్నాయి. వాటిలో ఆ ఏడాది చెడిపోయినవి నూటికి 1.57 వంతున. 2023లో 1.70, 2022లో 1.37. ఈ సగటు కంటె నాకు ముఖ్యమనిపించినది వేరొకటి. ఒకే కంపెనీ, దరిదాపు ఒకే కాలం: సీగేట్ వారి 3 టెరాబైట్ల నమూనా ఒకటి అక్కడ వానకు తడిసిన మట్టిగోడల్లాగ వరుసగా కూలింది, ఆ సంస్థ 2015 నాటికి వాటిని దాదాపుగా తొలగించింది. అదే సీగేట్ వారి 4 టెరాబైట్ల నమూనా వేల సంఖ్యలో ఏళ్ల తరబడి పనిచేసింది. కాబట్టి చూడవలసినది ఇంటిపేరు కాదు, నమూనా సంఖ్య. అందులోనూ చిక్కున్నది. ఒక నమూనా మంచిదని తేలడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అప్పటికి అది అంగడిలో దొరకదు. సమీక్షలు వెలువడేసరికి పుస్తకం ప్రతులు అయిపోయినట్టు.

పెట్టెమీద వ్రాసే మరొక అంకె సంగతి. కొన్ని ఖరీదైన డ్రైవుల పత్రాలలో వైఫల్యానికీ వైఫల్యానికీ మధ్య సగటు కాలం 10 లక్షల గంటలని వ్రాస్తారు. భాగిస్తే 114 సంవత్సరాలు. మునిమనుమలదాకా బేఫికరని సంతోషించకండి. దాని అర్థం ఒక డ్రైవు నూరేళ్లు బ్రతుకుతుందని కాదు. నూరు డ్రైవులు నడుస్తూవుంటే ఏడాదికి ఒకటికి కొంచెం తక్కువగా పోతుందని. అదైనా నిజమా అని 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంవారు లక్ష డ్రైవుల లెక్కలు పరిశీలించారు. పత్రం ప్రకారం ఏడాదికి నూటికి 0.88 మించి పోరాదు. వాస్తవంలో 2 నుంచి 4 వరకు పోవడం మామూలుగా కనిపించింది. కొన్నిచోట్ల 13 దాకా వెళ్లింది.

అదే సంవత్సరం గూగుల్ వారు కూడా లక్షకు పైగా డ్రైవులమీద చేసిన పరిశీలనను ప్రకటించారు. డ్రైవు తన ఆరోగ్యాన్ని తానే పరీక్షించుకొనే స్మార్ట్ అనే ఏర్పాటొకటి ఉన్నది గదా. చెడిపోయినవాటిలో సగానికి పైగా డ్రైవులు అందులోని నాలుగు ప్రధాన సూచికలలో ఏ ఒక్క హెచ్చరికా చేయకుండానే పోయాయట. గుండెపోటు కథే. అలాగని ఆ సూచికలు చూడనక్కరలేదని కాదు. స్వీయపరీక్షలో మొదటి దోషం బయటపడిన డ్రైవు, అటువంటి దోషం లేనిదానికంటె 60 రోజులలోపు పోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని కూడా వారే తేల్చారు. హెచ్చరిస్తే వినాలి, హెచ్చరించలేదు గదా అని నిశ్చింతగా ఉండరాదు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాధనంలో 05, C5, C6 అనే గుర్తుల వరుసలు చూడండి. అవి సున్న కాక మరేదైనా అయితే ఆ రోజే కాపీ తీయండి, మరునాటిదాకా ఆగకండి.

మా అవసరం ఎంతో చెప్పితే మీరు మీ అవసరం లెక్కగట్టుకోవచ్చును. సామాన్యమైన డెమ్మీ సైజు పుస్తకంలో ఒక పుటను అంగుళానికి 400 చుక్కల చొప్పున రంగులతో, కుదించకుండా స్కాను చేస్తే సుమారు 22 మెగాబైట్లు. 300 పుటల పుస్తకం 6.7 గిగాబైట్లు. వేయి పుస్తకాలైతే 6.7 టెరాబైట్లు. వెయ్యి పుస్తకాలంటే ఎంత? ఒక పల్లెటూరి గ్రంథాలయంలో రెండు బీరువాలు. కనుక 8 టెరాబైట్ల డ్రైవు అనుకొన్నాము. కొనుక్కొని తగిలిస్తే విండోస్ 7.27 అని చూపుతుంది. మోసమేమీ లేదు. తయారుచేసేవారు వేయితో హెచ్చిస్తారు, విండోస్ 1024తో భాగిస్తుంది. ఇద్దరి మానికలు వేరు, ధాన్యం ఒకటే.

ఎక్కువ పరిమాణం కొనేటప్పుడు తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. కొన్ని డ్రైవులలో వ్రాత వరుసలు పక్కపక్కన విడివిడిగా ఉంటాయి. కొన్నిటిలో ఇంటికప్పుమీద పెంకుల్లాగ ఒకదాని అంచుమీద ఒకటి ఎక్కివుంటాయి. మొదటి పద్ధతిని సీఎంఆర్ అనీ, రెండవదానిని ఎస్ఎంఆర్ అనీ అంటారు. పెంకుల పద్ధతిలో అదే పళ్లెంమీద ఎక్కువ పడుతుంది, చౌక. కాని నడుమనున్న ఒక పెంకు మార్చాలంటే దానిమీద ఎక్కిన పెంకులన్నీ తీసి మళ్లీ నేయవలసిందే గదా! అందువల్ల ఒకసారి నింపాక మళ్లీ మళ్లీ మార్చి వ్రాసే పనికి అవి నత్తనడక నడుస్తాయి. నాలుగైదు డ్రైవులను జతకట్టే నాస్ పెట్టెలలో ఒకటి పోయి కొత్తదానిని నింపవలసివచ్చినప్పుడు ఆ నత్తనడక ప్రమాదమే అవుతుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ వారు నాస్ పెట్టెలకని అమ్ముతున్న రెడ్ డ్రైవులలో కొన్నిటిని చెప్పకుండా పెంకుల పద్ధతికి మార్చారని బయటపడి పెద్ద రభస జరిగింది. ఆ తరువాత వారు రెడ్ ప్లస్ అని వేరే పేరుపెట్టి సీఎంఆర్ వాటిని విడదీశారు. నా మట్టుకు నేను అల్మరాలో దాచి ఏడాదికి రెండుసార్లు తీసే ప్రతికి పెంకుల డ్రైవయినా తప్పులేదనే అంటాను. రోజూ నడిచే నాస్ పెట్టెకు మాత్రం వద్దు. దుకాణదారుకు ఈ భేదం తెలియకపోతే నమూనా సంఖ్య వ్రాసుకొని వచ్చి కంపెనీ పత్రంలో చూసుకోండి.

ఎస్ఎస్‌డీ కొనరాదా అని మా పెద్దబ్బాయి అడిగాడు. వేగానికి దానిని మించినది లేదు. కాని కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో ఉంచితే అందులోని విద్యుదావేశం కొద్దికొద్దిగా జారిపోతుంది. పైగా 8 టెరాబైట్ల ఎస్ఎస్‌డీ పింఛనుదారుల వస్తువు కాదు.

ఇక పాతదానిని కొత్తదిగా అమ్మే బెడద. 2025 ఆరంభంలో ఐరోపాలో వేల గంటలు నడిచిన సీగేట్ డ్రైవులను, తిరిగిన గంటల లెక్కను సున్నచేసి, కొత్తవని అమ్మినట్లు బయటపడింది. స్మార్ట్ లెక్కను చెరిపినవాళ్లు, ఫార్మ్ అని డ్రైవు లోపల ఉన్న మరొక చిట్టాను చెరపడం మరచిపోయారు, అక్కడ దొరికిపోయారు. కాబట్టి అంగడి ధరలో సగానికి దొరుకుతున్నదంటే సంబరపడకండి. గ్యారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో క్రమసంఖ్యతో కంపెనీ పుటలోనే సరిచూసుకోండి. గ్యారంటీ కాలం కూడా ఒక సూచనే: మామూలు వాటికి రెండేళ్లు, నాస్ రకాలకు మూడు, పై తరగతివాటికి అయిదు. తయారుచేసినవాడు తన వస్తువును ఎన్నాళ్లు నమ్ముతున్నాడో అందులో తెలుస్తుంది. మన డేటాతో దానికి సంబంధం లేదని నా ఖాళీ డ్రైవు చెప్పనే చెప్పింది.

ఇంతా చేసి మంచి నమూనా, మంచి పద్ధతి, అయిదేళ్ల గ్యారంటీ చూసుకొని ఒకే డ్రైవు కొన్నారనుకోండి. ఏమి జరుగుతుందో మన సాహిత్య చరిత్రే చెబుతుంది. తాళ్లపాక అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకులమీద చెక్కించారు. రాగి కంటె గట్టి సాధనం ఆనాడు ఏమున్నది? చెద పట్టదు, తడికి నానదు. అయినా ఆయన రచించినవి 32 వేలని ప్రతీతి కాగా మనకు దక్కినవి 14 వేల లోపే. రాగిరేకు చెడిపోలేదు సుమా! అది పదిళ్లలో లేకపోయింది, అంతే. అటు నన్నయ భారతాన్ని చూడండి. 11వ శతాబ్దంలో ఆయన చేతితో వ్రాసిన ఆకు ఒక్కటి కూడా లేదు. తాటాకు రెండు మూడు శతాబ్దాలు మించి మన ఉక్కపోతకు నిలవదు. అయినా భారతం పోలేదు. ఆకు శిథిలం కాకముందే ఎవరో ఒకరు కొత్త ఆకుమీద ఎత్తి వ్రాశారు, అదీ ఒక ఊళ్లో కాదు. బ్రౌను దొర కడపలో పండితులనూ లేఖకులనూ పెట్టుకొని ఒక్కొక్క కావ్యానికి ఎక్కడెక్కడి ప్రతులనో తెప్పించి పోల్పించగలిగాడంటే, పోల్చడానికి పలుచోట్ల పలు ప్రతులు మిగిలివుండబట్టే గదా.

రాగిరేకు కొనాలా తాటాకు కొనాలా అని నా విద్యార్థి అడుగుతున్నాడు. రెండు తాటాకులు కొనమని నేనంటాను.

ఇందులో చిన్న గణితమున్నది. ఒక డ్రైవు ఏడాదిలో పోయే అవకాశం నూటికి 2 అనుకొంటే, రెండూ అదే ఏడాది పోయే అవకాశం పదివేలకు 4. అంత గొప్ప డ్రైవు ఏ కంపెనీ చేయలేదు. అయితే ఈ హెచ్చవేత చెల్లాలంటే రెండింటి కష్టసుఖాలూ వేరువేరుగా ఉండాలి. ఒకే రోజున ఒకే దుకాణంలో ఒకే నమూనావి రెండు కొని ఒకే ప్లగ్గుబోర్డుకు తగిలిస్తే పిడుగుపాటుకు రెండూ కలిసే పోతాయి. దొంగ ఒకటి తీసుకుని ఒకటి వదలిపెట్టడు. అందుకే వేరే నమూనా, వీలైతే వేరే కంపెనీ, తప్పనిసరిగా వేరే ఊరు.

మూడవ ప్రతి క్లౌడులో పెట్టుకొమ్మని కొందరు మిత్రులు సలహా ఇస్తున్నారు. మూడవదిగా అయితే సరే. ఒక్కటే ప్రతిగా అయితే నా మనసొప్పదు. నెలనెలా అద్దె కట్టాలి. నేను పోయిన తరువాత ఆ అద్దె ఎవరు కడతారు, సంకేతపదం ఎవరికి తెలుసు? పైగా పెద్ద సంస్థల తలుపులు కూడా మూతపడతాయి. అప్పటి మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు పూనుకొనగా నడిచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో ఎన్ని వేల తెలుగు పుస్తకాలు చదువుకొన్నాము! కొన్నేళ్ల క్రితం ఆ గుమ్మం మూసుకొన్నది. ఆర్కైవ్ సంస్థవారి దగ్గర వాటి ప్రతులు చేరివుండబట్టి ఇవాళ మళ్లీ దొరుకుతున్నాయి.

ప్రతి తీయడంతో పని పూర్తి కాదు. ప్రతి సరిగా ఉన్నదని ఎలా తెలుస్తుంది? లేఖకుడు ఒక అక్షరం జారవిడిస్తే పద్యంలో గణం చెడుతుంది, యతి తప్పుతుంది, ప్రాస కలవదు. చదివేవాడు వెంటనే పట్టుకొంటాడు. వచనానికి ఆ రక్షణ లేదు, అందుకే పాత వచనాలలో పాఠాలు అంతగా చెడ్డాయి. కంప్యూటరులోని ఫైలుకు కూడా ఛందస్సు వంటిది ఒకటి కట్టవచ్చును. షా-256 అని ఒక గణనపద్ధతి ఉన్నది. ఫైలు మొత్తాన్ని నడిపించి ఒక చిన్న గుర్తును ఇస్తుంది. లోపల ఒక్క బిట్టు మారినా గుర్తు పూర్తిగా మారిపోతుంది. స్కాను చేసిన రోజునే ప్రతి పుస్తకానికీ ఈ గుర్తు తీసి ఒక పట్టికలో వ్రాసి, ఆ పట్టికను డ్రైవులోనూ కాగితంమీదా ఉంచుతున్నాము. ఆరు నెలలకొకసారి డ్రైవంతా చదివించి పట్టికతో సరిచూస్తాము. 8 టెరాబైట్లు చదవడానికి సుమారు 12 గంటలు. సాయంత్రం తగిలించి పడుకొంటే పొద్దున కాఫీ వేళకు తేలుతుంది. యూపీఎస్ మాత్రం ఉండాలి. మా ఊళ్లో కరెంటు రాత్రి ఎన్నిసార్లు పోతుందో ఆ రాత్రి తెలిసింది.

ఇంతకీ మేము కొన్నవి: ఒకటి తోషిబా, ఒకటి వెస్టర్న్ డిజిటల్, రెండూ 8 టెరాబైట్ల నాస్ రకాలు, రెండు నెలల ఎడంతో, రెండు దుకాణాలలో. ఇవే కొనమని చెప్పడం లేదు. అయిదారేళ్లు నిండగానే బాగున్నా సరే వీటిని మార్చివేయాలనీ, మార్చేటప్పుడు పాతవాటిని పారవేయకుండా మూడవ ప్రతిగా ఉంచాలనీ తీర్మానం వ్రాసుకొన్నాము. తాటాకు గ్రంథాన్ని ఎత్తి వ్రాసే వంతు తరానికొకసారి వచ్చేది. మాకు అయిదేళ్లకే వచ్చింది.

ఒకటి మా ఇంట ఉన్నది. రెండవది హైదరాబాదులో మేనకోడలి ఇంట ఉంచాలని నిర్ణయం. అమ్మ పాటలు మూడు దాచిపెట్టిన పిల్లే. పోయిన వారం తువ్వాలులో చుట్టి, దాన్ని మళ్లీ పాత స్వెట్టరులో చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకొని తీసుకువెళ్లాను. పక్క సీటాయన రెండు గంటలు ఓపికపట్టి, "ఏమండీ, నెయ్యి సీసానా?" అని అడిగాడు. పన్నెండు వందల పుస్తకాలన్నాను. ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి కిటికీ వైపు తిరిగాడు.